మాండలిన్‌కి గమకం వచ్చిన తీరు

మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలకదనడానికి రెండు గట్టి కారణాలుండేవి. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. పైగా తీగలు జంటలుగా ఉంటాయి. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగ లాగితే ఆ జంట శ్రుతి కలవదు. గాంధారం ఊగకపోతే తోడి రాగం తోడి కాదు కదా!

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ చిక్కుని వాద్యంలోనే విప్పారు. జంటతీగలు తీసేసి ఒంటితీగలు కట్టారు. మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చారు. ఎలక్ట్రిక్ మాండలిన్ కావడంతో చిన్న జారు కూడా వినబడే వీలు కలిగింది. అసలు బలం మాత్రం శిక్షణది. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడేవారు, శిష్యుడు అది విని వాయించేవాడు. అందుకే ఆ ఎడమచేతి వేళ్ళలో గాత్రపు నడక ఉండేది. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు.

సంప్రదాయంలోకి కొత్త వాద్యం వస్తే కలవరం మామూలే. 1955లో బ్యూనస్ ఐరిస్‌లో టాంగో స్వరకర్త ఆస్టర్ పియసొల్లా తన ఎనిమిదిమంది బృందంలో ఎలక్ట్రిక్ గిటార్‌కి చోటిస్తే సంప్రదాయవాదులు మండిపడ్డారు. మాండలిన్‌ని చూసి మన సంగీతసభల్లోనూ నొసళ్ళు ముడిపడ్డాయి. కానీ పియసొల్లా టాంగో రూపాన్నే మార్చారు. శ్రీనివాస్ కృతి కట్టడాన్ని కదపకుండా, దాన్ని పలికే సాధనాన్ని మార్చారు.

రియల్ వరల్డ్ సంస్థ తెచ్చిన రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన వింటే ఈ పనితనం తేటపడుతుంది. 'రామ శ్రీరామ' (1994) సంప్రదాయ బాణీలోది. ఎంత వేగంలోనైనా స్వరం స్వరంగానే స్పష్టంగా వినిపిస్తుంది, ఒకదాని మీద ఒకటి పడదు. 'డ్రీమ్' (1995)లో తోడు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. ఆయన రూపొందించుకున్న 'ఇన్ఫినిట్ గిటార్' స్వరాన్ని కోరినంతసేపు నిలుపుతుంది. ఆ చెదరని నాదం మీద మాండలిన్ గమకాలు ముత్యాల్లా విడివిడిగా మెరుస్తాయి. అక్కడక్కడా రాగం వెనక్కి తగ్గి వాతావరణం ముందుకొచ్చే మాట నిజమే. అప్పుడు కూడా ఆయన వేళ్ళు రాగలక్షణాన్ని వదలవు.

హైదరాబాద్ మదీనాగూడలాంటి చోట హైవే పక్క ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు ఈ ఆల్బమ్‌లని కిటికీలు మూసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. మీటు చప్పుడు ఆగాక, స్వరం ఆరేలోపు ఎడమచేయి చేసే పని సన్నగా వినిపిస్తుంది. రొదలో మొదట పోయేది అదే. ముందు 'రామ శ్రీరామ', తర్వాత 'డ్రీమ్' వినండి. మొదటిదానిలో గమకం చెవికి పడితేనే, రెండోదానిలో ఆయన దేన్ని కాపాడుకున్నారో తెలుస్తుంది.