వంద చెప్పడం వేరు, ఏడు లెక్కపెట్టడం వేరు

కైకలూరులో యూకేజీ పిల్లల అమ్మానాన్నలు స్కూలుకి వస్తే మొదట అడిగేది ఒకటే. "టీచరుగారూ, మావాడికి వంద దాకా వచ్చేసినట్టేనా అండి?" వచ్చేసిందండీ అంటాను. అబద్ధం కాదు. వన్, టూ, త్రీ అని రాగం అందుకుంటే మా క్లాసుని ఆపడం ఎవరి తరమూ కాదు.

అదే పిల్లాడి ముందు ఏడు చింతపిక్కలు పోసి చూడండి. ఒక్కోదాని మీద వేలు ఆనిస్తూ ఏడు దాకా చక్కగా లెక్కపెడతాడు. "మొత్తం ఎన్నిరా?" అంటే మాత్రం మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంటాడు. చివర పలికిన అంకే మొత్తమని వాడికింకా అందలేదన్నమాట. అదే పిక్కల్ని కాస్త ఎడంగా పేరిస్తే "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అంటాడు. గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1978లో తెచ్చిన పుస్తకంలో లెక్కపెట్టడాన్ని ఐదు సూత్రాలుగా విడదీశారు. ఒక వస్తువుకి ఒకే అంకె, అంకెల వరుస తప్పకపోవడం, చివరి అంకే మొత్తం, దేన్నయినా లెక్కపెట్టొచ్చు, ఎటునుంచి మొదలెట్టినా మొత్తం మారదు. వీటిలో రెండోదానికే మన ప్రోగ్రెస్ కార్డులో గడి ఉంటుంది. మిగతా నాలుగూ ఎవరికీ పట్టవు.

2022 అక్టోబరులో పునాది దశకి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 99 దాకా ముందుకీ వెనక్కీ లెక్కించడం అందులోనూ ఉంది. కాకపోతే ఆ దశ మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే రెండో తరగతి పూర్తయ్యేవరకు. మనమేమో డిసెంబరుకే కావాలంటున్నాం. ఇంకో సంగతి, అందులో లక్ష్యాలు సబ్జెక్టుల వారీగా మొదలవవు. ఒళ్లు, ఆరోగ్యం ముందు; భాష, లెక్కలు ఆ తర్వాత.

నాకది సబబుగానే తోస్తుంది. మా పిల్లల్లో చాలామంది చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాళ్లు. క్లాసులో చేపల బజారు ఆట పెడితే అట్టముక్కల చేపల్లో బొచ్చె ఏదో, రాగండి ఏదో విడదీసి రెండు ట్రేల్లో వేస్తారు. "ఇది పెద్దదండి, రేటెక్కువ" అని బేరమాడతారు. ఆ పది నిమిషాల్లో పోలికలు, మాటలు, కూడికలు, వంతు కోసం ఆగడం అన్నీ ఉన్నాయి. టైంటేబుల్లో దాన్ని ఏ పీరియడ్ కింద రాయాలో నాకిప్పటికీ తెలీదు. ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లినప్పుడూ అంతే. గూడబాతు ముక్కు కింద సంచి చూసి ఒక పిల్ల "అందులో ఎన్ని చేపలు పడతాయండీ?" అంది. అది లెక్కల ప్రశ్నా, పరిసరాల ప్రశ్నా?

రాత సంగతి మరీ ఘోరం. వేళ్లలో పట్టు రాకముందే నాలుగు గీతల కాపీ చేతికిస్తాం. మట్టి పిసకడం, పూలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం ముందు కావాలి. సున్నలు చుట్టడం, 'అ' దిద్దడం ఆ వెనకే వస్తాయి. ఇది చెబితే ఒకాయన "మట్టి పిసకడానికా అండీ ఇంతింత ఫీజులు?" అన్నాడు. చింతపిక్కల పరీక్ష వాళ్లబ్బాయికి ఆయన ముందే పెట్టి చూపించాను. కాసేపు ఆలోచించి, "బానే ఉందండి, హోంవర్కు మాత్రం రోజూ ఇవ్వండి" అన్నాడు.

ఇచ్చాను. రాత్రి అన్నాలప్పుడు ఇంట్లో అందరికీ సరిపడా కంచాలు వాడే తెచ్చిపెట్టాలి, ఎన్నో వాడే చెప్పాలి.