కట్లు ఎక్కడ మొదలయ్యాయో చూడండి

తొలకరి పడి నేల తడిసిందంటే చాలు, మా కాలనీ నుంచి నా ఫోన్‌కి పాముల ఫొటోలు మొదలవుతాయి. పాలపాకెట్లు వచ్చే వేళకే ఎవరో ఒకరు పంపుతారు. చాలా ఫొటోల్లో పాము అప్పటికే చచ్చి ఉంటుంది. పక్కన చీపురుకట్టో, దుడ్డుకర్రో పడి ఉంటుంది. కింద ఒకటే ప్రశ్న: "కట్లపామేనా అండీ?" వానాకాలమంతా వచ్చే ఈ ఫొటోల్లో కట్లపాములు తక్కువ. ఎక్కువగా ఉండేవి తోడేలు పాములు. గోడ పగుళ్లలో, కిటికీ రెక్కల వెనక దాక్కుని రాత్రిపూట బల్లుల్ని తిని బతికే చిన్న ప్రాణులు. ముందుపళ్లు కాస్త పొడవుగా ఉండటంతో పుస్తకాలవాళ్లు వాటికి ఆ పేరు పెట్టారు. మనిషికి హాని చేసే విషం వాటిలో లేదు. ఒంటిమీద తెల్లటి కట్లు ఉన్న పాపానికి దెబ్బ తింటున్నాయి.

చంపినవాళ్ల మీద నాకు కోపం రాదు. రాత్రిళ్లు పిల్లల్ని నేలమీద పడుకోబెట్టుకునే ఇంట్లో ఆ భయం న్యాయమైనదే. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది. ఏడాదికి సగటున 58 వేలు. అందులో దాదాపు సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే, ఎక్కువగా పల్లెల్లోనే. బాగా నష్టపోయిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ఇన్ని చావుల మధ్య "అనవసరంగా భయపడకండి" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఏ పాముకి భయపడాలో తెలుసుకోండి అని మాత్రం చెప్పొచ్చు. నేను ఇన్నేళ్లుగా చెబుతున్నది అంతే.

ఆ తెలుసుకోవడంలో మొదటి పని పాత గుర్తులు కొన్ని మరిచిపోవడం. తల ముక్కోణంగా ఉంటే విషప్పాము అంటారు. రక్తపింజరకి అది సరిపోతుంది. నాగుపాముకీ కట్లపాముకీ సరిపోదు, వాటి తల మెడకంటే పెద్ద వెడల్పు ఉండదు. కంటిపాప నిలువుగా చీలి ఉంటే విషం, గుండ్రంగా ఉంటే లేదు అంటారు. నాగుపాముకీ కట్లపాముకీ కంటిపాప గుండ్రమే. పిల్లపాముకి విషం ఉండదంటారు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే దానికి కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. ఇలాంటి ఒంటి గుర్తుల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. విషం లేనిదాన్ని చంపుతారు, విషమున్నదాన్ని చేత్తో తీసి అవతల పారేయబోతారు. రెండోది మరీ భయంకరం.

కట్లపాము సంగతే తీసుకుందాం. అన్నిటికంటే ఖాయమైన గుర్తు దాని వీపు మీద ఉంటుంది. వెన్ను నడిమధ్యన, మెడ నుంచి తోక దాకా ఒక వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. తోడేలు పాముకి ఆ వరస లేదు, వీపంతా పొలుసులు ఒకే తీరుగా ఉంటాయి. ఫోన్‌లో మంచి ఫొటో పడితే పెద్దది చేసి చూడగానే తేలిపోతుంది. అర్ధరాత్రి టార్చి వెలుతురులో, గది ఈ మూల నుంచి ఆ మూలకి చూస్తే మాత్రం ఆ పొలుసులు కనబడవు. అప్పుడు కట్లు చూడాలి. ఎన్ని ఉన్నాయని కాదు, ఎక్కడ మొదలై ఎక్కడ మాసిపోయాయో చూడాలి.

తోడేలు పాముకి కట్లు మెడ దగ్గరే మొదలవుతాయి. తల వెనక మొదటి పట్టీ చాలాసార్లు వెడల్పుగా, పాలిపోయినట్టు ఉంటుంది. ముందు సగంలో కట్లు తేటగా ఉండి, తోకవైపు పోయేకొద్దీ మాసిపోయి ఒంటిరంగులో కలిసిపోతాయి. కట్లపాముది సరిగ్గా దీనికి ఎదురు. పెద్ద కట్లపాములో తల వెనక కొంతమేర ఒళ్లు ఉత్త నలుపు, లేకపోతే కట్లు తెగిపోయి చుక్కలుగా మిగిలి ఉంటాయి. ఆ తర్వాత సన్నటి తెల్లగీతలు, తరచుగా జంటలు జంటలుగా మొదలై, తోకవైపు మరింత తేటపడతాయి. రంగులోనూ తేడా ఉంది. కట్లపాము నిగనిగలాడే నలుపు, వెలుతురు పడితే నీలిఛాయ కొడుతుంది. తోడేలు పాము మామూలుగా గోధుమరంగులోనో కాఫీరంగులోనో ఉంటుంది.

ఇక్కడితో ఆగితే నేను కూడా ఒంటి గుర్తు చెప్పినవాణ్ణే అవుతాను. పిల్ల కట్లపాముకి కట్లు మెడదాకా ఉండొచ్చు. కట్లు దాదాపు కనబడని నల్లటి కట్లపాములూ ఉన్నాయి. తోడేలు పాముల్లోనే ఇంకో రకానికి నల్లటి ఒంటిమీద తెల్లటి పట్టీలు ఉంటాయి, అది మన రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంది. అందుకే వీపు, కట్ల వరస, తోక, రంగు అన్నీ కలిపి చూడాలి. అన్నీ ఒకే పేరు చెబితే ఆ పేరు. ఒక్కటి తేడా కొట్టినా అది కట్లపామే అనుకుని మసులుకోవాలి. గోడ మీద పాకుతోంది కాబట్టి తోడేలు పామే అని కూడా తేల్చేయకూడదు. తోడేలు పాము గోడలెక్కడంలో ఆరితేరినది, నిజమే. కట్లపాము మామూలుగా నేలనే అంటిపెట్టుకుని, ఇటుకల గుట్టల్లో, ఎలుక బొరియల్లో, కట్టెల మోపుల కింద పగలు గడుపుతుంది. అయినా అది ఎప్పుడూ పైకెక్కదన్న హామీ లేదు.

మా పక్కవీధి పిన్నిగారు ఒక రాత్రి ఫోన్ చేసి, "మూరెడు కూడా లేదు నాయనా, ఇదేం కట్లపాము? చేటలోకి ఎత్తి బయట పడేస్తాలే" అన్నారు. "వద్దు పిన్నిగారూ, కట్లపాము పిల్ల కూడా మూరెడే ఉంటుందండీ. గది తలుపేసి, కింద సందులో గుడ్డ కుక్కండి. నేనొస్తున్నాను" అన్నాను. పొడవుని బట్టి పాముని పోల్చకూడదని నేను ఇంత గట్టిగా చెప్పేది ఇందుకే. తోడేలు పాము పూర్తిగా ఎదిగితే ఎంతుంటుందో, కట్లపాము చిన్నతనంలో అంతే ఉంటుంది.

ఈ విద్య ఇష్టంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకి బతికున్న పాముకంటే మంచి పాఠం కుబుసం. పెరట్లో, గోడ వారన, కొట్టాం చూరులో దొరుకుతుంది. ముందు కర్రతో కదిపి, చుట్టుపక్కల టార్చి వేసి చూసుకోండి, విడిచిన పాము దగ్గర్లోనే ఉండొచ్చు. తెచ్చి కాసేపు నీళ్లలో నానబెట్టి పాత పేపరు మీద పరిస్తే పొలుసులన్నీ విచ్చుకుంటాయి. కుబుసం సాగుతుంది కాబట్టి పాము అసలు పొడవుకంటే ఎక్కువ కనబడుతుంది. పొడవు చూసి బెదరనక్కర్లేదు. రంగు దాదాపు పోతుంది గానీ పొలుసుల అమరిక చెక్కుచెదరదు. వీపు మధ్యన ఆరు పలకల పెద్ద వరస ఉందా? తోక అడుగున పలకలు ఎలా ఉన్నాయి? కట్లపాముకి తోక కింద పలకలు అడ్డంగా ఒకే ముక్క. తోడేలు పాముకి అవే పలకలు మధ్యలో చీలి రెండు వరసలుగా ఉంటాయి. రక్తపింజర కుబుసమైతే వీపు పొలుసు పొలుసుకీ నడుమ చిన్న గట్టు వేలికి గరుకుగా తగులుతుంది. తల భాగం చిరగకుండా దొరికితే కంటిమీది పారదర్శకమైన పొర కూడా దాంతోపాటు ఊడివచ్చి కనిపిస్తుంది. పాముకి రెప్పలు లేవు, ఆ పొరే కంటికి కాపలా. ఇదంతా భూతద్దం పెట్టుకుని చూస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. రోములస్ విటేకర్, అశోక్ కెప్టెన్ కలిసి రాసిన 2004 నాటి పాముల పుస్తకం పక్కన ఉంటే చాలు. మా ఇంట్లో దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది.

డెల్టా ఊళ్లలో కట్లపాముకంటే ఎక్కువ పేరు వినబడేది రక్తపింజర. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరసపెట్టి జరిగి, జనం చేలోకి దిగడానికే వణికారు. మోపిదేవిలో సర్పయాగం కూడా చేశారు. గట్టు మీద గడ్డిలో, కోసిన పనల కింద, ఎండుటాకుల్లో అది కదలకుండా పడుకుంటుంది. దాన్ని గుర్తించడం కష్టం కాదు. వీపు మీద మూడు వరసల గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చకీ నల్లటి అంచు, దాని చుట్టూ తెల్లటి గీత. మధ్య వరస మచ్చలు ఒకదానికొకటి తగిలి గొలుసుకట్టుగా కనబడతాయి. దగ్గరికెళితే ప్రెషర్ కుక్కర్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు పెద్దగా బుస కొడుతుంది. ఆ చప్పుడు వినబడితే మచ్చలు లెక్కపెట్టడానికి నిలబడకండి.

ప్రమాదమంతా దాన్ని వేరే పాముగా భ్రమపడటంలో ఉంది. కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకోబోయినవాళ్లున్నారు, ఏ హానీ చేయని పూడుపాము అనుకున్నవాళ్లూ ఉన్నారు. కొండచిలువ మచ్చలకి వరసా వాడీ ఉండదు, ఒక్కోటి ఒక్కో ఆకారం. పూడుపాము మచ్చలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి, తోక పొట్టిగా ఉంటుంది. పింజర మచ్చలకున్న ఆ క్రమం, ఆ తెల్ల అంచు వీటిలో దేనికీ లేవు. క్రమంగా పేర్చినట్టున్న మచ్చలు కనిపిస్తే రెండడుగులు వెనక్కి వేయమని పొలం పనులకెళ్లే పిల్లలకి చెప్పండి. నాగుపాము అనుకుని జెర్రిపోతుని కొట్టడం కూడా ఊరూరా ఉన్నదే. జెర్రిపోతుకి పడగ లేదు. కన్ను పెద్దది, తల మెడనుంచి విడిగా తెలుస్తుంది, పెదవి పొలుసుల మధ్య నల్లటి నిలువుగీతలుంటాయి. చేలో ఎలుకల్ని అదెన్ని తింటుందో రైతుకి నేను చెప్పనక్కర్లేదు.

ఈ పాములకి మన నేల మీద ఒక చరిత్ర ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉంటూ, కోరమాండల్ తీరం పాముల్ని సేకరించి, బొమ్మలు గీయించి, 1796లో పుస్తకంగా తెచ్చాడు. ఏది విషప్పామో ఏది కాదో జనానికీ దొరలకీ తెలియాలన్నదే దాని ఉద్దేశం. రక్తపింజర బొమ్మ కింద ఆయన రాసుకున్న పేరు మనవాళ్లు చెప్పినదే, కాటుకరేకుల పొడ. ఈ రోజు ఇంగ్లీషులో ఆ పాముకి రస్సెల్ పేరే నిలిచింది. ఆ పాముల్ని ఆయనకి తెచ్చి ఇచ్చి, పేర్లు చెప్పి, తేడాలు చూపించిన తెలుగువాళ్ల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. వాళ్లే ఈ విద్యలో మన పూర్వీకులని నేను అనుకుంటాను.

ఇక ఫొటో సంగతి. పాము ఎటు పోతుందో కళ్లతో కనిపెట్టి ఉంటూ, కనీసం దాని పొడవుకి రెండింతల దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి. తలొక్కటే తీస్తే నాకు పెద్దగా పనికిరాదు. వీపు, పక్కభాగం, తోక పడాలి. పిల్లల్నీ కుక్కనీ లోపలికి పంపండి. ఇంట్లోకి దూరితే అటవీశాఖవాళ్లకో, శిక్షణ ఉన్న పాములవాళ్లకో ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది. నాకు పాముల్ని పోల్చడం వచ్చు, అయినా చేత్తో పట్టను. పోల్చడం వేరు, పట్టడం వేరు. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి పాము తోక పట్టుకుంటున్న కుర్రాళ్లని చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. వాళ్ల ఇళ్లలో అమ్మానాన్నలు ఉంటారు.

కరిచాక మాత్రం ఏ పామో తేల్చే పనిలో ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసినదే. డాక్టరు పేరు చూసి కాదు, లక్షణాలు చూసి, రక్తం గడ్డకడుతోందో లేదో పరీక్షించి వైద్యం చేస్తాడు. ఆ మందుకి కావలసిన విషంలో చాలాభాగం చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ ఇరుళర్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పాముని చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తే క్రమంలో రెండోమనిషి కూడా కాటు తిన్న సందర్భాలున్నాయి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రానికి పోవద్దు. కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయల్దేరండి.

ఈ వానాకాలానికి ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ చెప్పి పెట్టండి. కట్లపాము రాత్రిపూట, ఎక్కువగా నేలమీద నిద్రపోతున్నవాళ్లనే కరుస్తుంది. దాని కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, వాపు రాదు, గాటు కూడా కనబడదు. కాబట్టి వీలైతే మంచం మీద పడుకోండి, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాసేపటికి రెప్పలు ఎత్తలేకపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమవుతున్నా గ్యాస్ అనుకుని మాత్ర ఇవ్వకండి. పాము ఎవరికీ కనబడకపోయినా సరే, అది కట్లపాము కాటే అనుకుని ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.