అరువు తెచ్చుకోని మాటలు

తనకు ఇంగ్లిష్ రాదని చెప్పే కోరుట్ల మనిషి నోట రోజుకు ఎన్ని ఇంగ్లిష్ మాటలు దొర్లుతాయో లెక్కపెట్టి చూడాలి. పాస్‌పోర్టు, వీసా, మెడికల్, టికెట్, కంపెనీ, క్యాంపు, ఓవర్‌టైమ్, రెన్యువల్, క్యాన్సిల్, ఎగ్జిట్. గల్ఫ్ దారి తెలిసిన ఏ ఇంట్లోనైనా ఇవి ఉప్పూ పప్పూ లాంటి మాటలు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడితే బీములు, వార్పింగ్, సైజింగ్, పిక్కులు, మీటర్లు వినిపిస్తాయి. బీడీలు చేసే అక్కకు పీఎఫ్ అంటే ఏమిటో, నామినీ అంటే ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంత ఇంగ్లిష్ ఇంట్లో తిరుగుతున్నా, అవే ఇళ్ల పిల్లల్లో చాలామంది పదో తరగతికి వచ్చేసరికి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు సొంతంగా రాయడానికి జంకుతారు. పదాలు తెలియకపోవడమే దీనికి కారణమనుకుని మరిన్ని పదాలు బట్టీ పట్టిస్తున్నాం. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

ఈ అరువు మాటలను దగ్గరగా చూస్తే అసలు సంగతి తేలుతుంది. దాదాపు అన్నీ పేర్లే. క్రియ కావలసి వచ్చినప్పుడు కూడా ఇంగ్లిష్ మాటను పేరులా పక్కన నిలబెట్టి, పని తెలుగుతోనే చేయిస్తాం: క్యాన్సిల్ చేసిండ్రు, రెన్యువల్ అయింది, అప్లయ్ చేస్తం. ఎవరు, ఎప్పుడు, అయిందా కాలేదా అన్న లెక్కంతా 'చేయు', 'అవు' అనే రెండు తెలుగు క్రియలే మోస్తాయి. 'కంపెనీ వాళ్లు వీసా క్యాన్సిల్ చేసిండ్రు' అన్న వాక్యంలో మూడు ఇంగ్లిష్ మాటలున్నా ఇంగ్లిష్ వ్యాకరణం ఆవగింజంత లేదు. మరి తెలుగు ఎన్నడూ అరువు తెచ్చుకోని ఇంగ్లిష్ మాటలేవి? ఆఫ్, బై, ద, ఇఫ్, అన్‌లెస్, హ్యాజ్, బీన్, దాన్. అన్నీ చిన్నవే. వాటి పనిని తెలుగులో విభక్తులు, క్రియ చివర చేరే ప్రత్యయాలు చేస్తాయి కాబట్టి వాటితో మనకు అవసరం పడలేదు. మన పిల్లలకు రానివి ముఖ్యంగా ఇవే. బడిలో వ్యాకరణం వేరు, పదజాలం వేరు అని రెండు పీరియడ్లుగా విడగొట్టి చెప్పేవి ఈ చిన్న మాటల దగ్గర ఒక్కటైపోతాయి. వాటిని పిల్లల ఇంటి తెలుగుతో పోల్చి, ఆ తెలుగులోనే విప్పి చెప్పి నేర్పాలన్నది నా వాదన.

ఈ చిన్న మాటల ఖరీదు ఎంతో గల్ఫ్ ఒప్పంద పత్రం చూస్తే తెలుస్తుంది. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌తో సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది పాసైనవారికి ఆ అనుమతి అక్కర్లేదు. పది చదివినవాడు తన కాగితం తాను చదువుకోగలడన్న నమ్మకం ఈ నియమం వెనుక ఉంది. ఆ కాగితంలో ఓవర్‌టైమ్ డబ్బు గురించి 'షల్ బి పెయిడ్' అని ఉంటే కంపెనీ ఇచ్చి తీరాలి. 'మే బి పెయిడ్' అని ఉంటే ఇస్తే ఇవ్వవచ్చు, లేకుంటే లేదు. ఓవర్‌టైమ్ అన్న పెద్ద మాట మనవాడికి తెలుసు. షల్, మే అన్న చిన్న మాటల తేడా తెలియదు. నెలనెలా ఇంటికి రావలసిన డబ్బు ఆ తేడా మీద ఆధారపడి ఉంది. అదే కాగితంలో 'విల్ బి డిడక్టెడ్' అని కనిపిస్తే, మన బడి ఆ కర్మణి వాక్యాన్ని 'కోయబడును' అని వివరిస్తుంది. ఆ 'బడును' జగిత్యాలలో ఏ ఇంట్లోనూ వినిపించదు. కానీ 'జీతంలకెంచి పట్టుకుంటరు' అని అందరూ అంటారు. పట్టుకునేది ఎవరో ఆ వాక్యం చెప్పదు. కర్త చాటునే ఉండిపోతాడు. ఇంగ్లిష్ కర్మణి వాక్యం చేసే పని సరిగ్గా ఇదే. తెలియని రూపాన్ని మరో తెలియని రూపంతో వివరించే బదులు 'పట్టుకుంటరు' అన్న మాట దగ్గర మొదలుపెడితే పిల్లవాడికి సగం పాఠం ముందే వచ్చినట్టు. ఎవరు పట్టుకుంటారు, ఎంత పట్టుకుంటారు అని అడగాలన్న తెలివి కూడా అక్కడే కలుగుతుంది.

పిల్లలు చేసే తప్పులు చాలావాటికి ఇలాంటి మూలమే కనిపిస్తుంది. 'ఐ విల్ గో టు స్కూల్ డైలీ' అని రాసిన పిల్లవాడికి టీచర్ ఎర్ర సిరాతో సున్నా చుడతారు. వాడు అశ్రద్ధగా రాయలేదు. 'రోజూ బడికి పోత', 'రేపు బడికి పోత' అని తెలుగులో రెండింటికీ ఒకే రూపం. అలవాటునూ రాబోయే పనినీ తెలుగు ఒకే క్రియతో చెబుతుంది, ఇంగ్లిష్ వేరుచేస్తుంది. ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పకపోవడంతో వాడు తన భాష తర్కాన్ని నిజాయతీగా పాటించి తప్పు చేశాడు. అలాగే 'నాకు ఇద్దరు అన్నలున్నరు' అనే భాషలో పెరిగిన బిడ్డకు, ఇంగ్లిష్ 'హ్యావ్' తో అన్నలను కూడా ఆస్తిలా చెబుతుందని వివరించాలి. 'వచ్చిండు' అన్న ఒక్క రూపం 'కేమ్' కూ 'హ్యాజ్ కమ్' కూ సరిపోతుందనీ చెప్పాలి. 'ద' ఎక్కడ పెట్టాలో ఏళ్ల తరబడి తేలదు. తెలుగులో దానికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. 'బండి కొన్నడు' అంటే ఏదో ఒక బండి. 'బండిని అమ్మిండు' అంటే మనకు తెలిసిన ఆ బండి. ఆ 'ని' చేసే పనిలో కొంత భాగం 'ద' చేస్తుంది. పూర్తిగా కాదు, కానీ పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. మేము, మనము అన్న తేడాను ఇంగ్లిష్ 'వి' చెప్పలేదన్నది కూడా పిల్లలకు తెలియాలి. తమ భాష తక్కువదని కాక, వేరే పద్ధతిలో కుదిరిందని అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది.

ఇలా పోల్చి నేర్పాలన్న వాదనకు సిరిసిల్ల నుంచే గట్టి అభ్యంతరం వస్తుంది. ఇక్కడి నుంచి భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు బతకపోయిన నేతన్నలు ఏ వ్యాకరణం చదివి హిందీ నేర్చారు? ఆరు నెలల్లో మాట్లాడలేదా? నిజమే, మాట్లాడారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే 'సిరిసిల్ల నుంచి భీవండికి పోయిన' అన్న వాక్యాన్ని హిందీలో పెట్టి చూడండి: 'సిర్సిల్లా సే భీవండీ కో గయా'. మాటకు మాట అదే చోట కూర్చుంది. నుంచి ఉన్నచోట సే, కి ఉన్నచోట కో, చివర క్రియ. తెలుగు, హిందీ వేర్వేరు కుటుంబాలవైనా వాక్యం అల్లికలో దగ్గరివి. నేతన్న పదాలు మార్చుకుంటే చాలు, అల్లిక మార్చుకోనక్కర్లేదు. ఆడ మగ తేడా తప్పినా పని నడిచిపోతుంది. ఇంగ్లిష్‌లో 'వెంట్' ముందుకు వస్తుంది, 'ఫ్రమ్' సిరిసిల్ల వెనుక నుంచి లేచి ముందు నిలబడుతుంది. వాక్యం మొత్తం తిరగబడుతుంది. పైగా భీవండిలో పొద్దున లేచింది మొదలు చుట్టూ హిందీయే. కోరుట్ల వీధిలో ఇంగ్లిష్ వాక్యాలు చెవిన పడవు. వినబడని భాషను, తిరగబడిన అల్లికతో, వివరణ లేకుండా పట్టుకొమ్మనడం పిల్లల మీద మోయలేని బరువు పెట్టడమే.

పదజాలం విషయంలో మన దగ్గరి అనుభవం ఒకటి ఉంది, దాన్ని వాడుకోవడం లేదు. ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల ఇంగ్లిష్ గురించి 1926లో పుస్తకం రాశాడు. ఆ పిల్లలకు ముందుగా అవసరమైనది చదవడమని వాదించాడు. 1953లో ఆయన ప్రచురించిన పట్టికలో సుమారు 2000 మూల పదాలున్నాయి. మామూలు ఇంగ్లిష్ రచనలో దాదాపు 80 శాతం ఈ పదాలతోనే నడుస్తుందని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎనిమిదేళ్లు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే రోజుకు ఒక్క మాట కంటే కొంచెం ఎక్కువ. అది ఏ పిల్లకైనా సాధ్యమే. కానీ వ్యతిరేకార్థాల జాబితాలు, ఎవరూ వాడని ఏకపద సమానార్థకాలు ఆ చోటును ఆక్రమిస్తున్నాయి. 'డ్యూ' అన్న మాట కరెంటు బిల్లులో ఒక అర్థంతో, 'డ్యూ టు' అన్నప్పుడు మరో అర్థంతో వస్తుంది. మాటను ఒంటరిగా వల్లె వేసినవాడికి రెండోది అందదు. మాటను దాని తోడు మాటలతో కలిపి, వాక్యంలో ఉండగానే నేర్పాలి. సాంచా మీద పడుగు పూర్తయ్యాకే పేక నడుస్తుంది. ముందు వ్యాకరణమంతా ముగించి తర్వాత మాటలు నింపుదామనే బడి పద్ధతి అలాంటిదే. భాషను అలా నేయలేం, అందులో రెండు పోగులూ కలిసే సాగుతాయి.

తరగతిలో తెలుగు వినబడితే పిల్లలు జీవితాంతం మనసులో అనువాదం చేసుకుంటూనే ఉంటారని, ఇంగ్లిష్ మీడియం పెట్టిందే తెలుగు మాన్పించడానికని వాదించేవారు చాలామంది. ఇంగ్లిష్ మీడియం కావాలనే తల్లిదండ్రుల కోరికలో తప్పు లేదు. కొండగట్టు దగ్గరి జేఎన్‌టీయూ కాలేజీలో గానీ కోరుట్ల పశువైద్య కళాశాలలో గానీ పాఠం ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. అక్కడ తమ బిడ్డ తలదించుకోకూడదని వాళ్ల తపన. కానీ తెలుగును నిషేధించినంత మాత్రాన అనువాదం ఆగదు, నోరు మూసుకుని లోపల జరుగుతుంది. తప్పుగా జరిగినా దిద్దేవారుండరు. బయటికి, బోర్డు మీదికి తెస్తే దిద్దవచ్చు, దిద్దిన కొద్దీ దాని అవసరం తగ్గుతుంది. తెలంగాణలో 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు అచ్చువేశారు. ఆ ఆలోచన మంచిది. అయితే ఎదురెదురుగా పెట్టినంతనే పోలిక జరగదు. ఈ పేజీలో చివరనున్న క్రియ ఆ పేజీలో ఎందుకు ముందుకు జరిగిందో వేలు పెట్టి చూపే టీచర్ కావాలి. మీడియం దానంతట అది భాషను ఇవ్వదు. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠం అందుకున్నారు. తెలుగు ఆయనకు ఇంటి భాష కాబట్టి ఈ పోలికను సాగదీయను. పాఠశాల మాధ్యమం మీదే సర్వం మోపకూడదనడానికి మాత్రం అది చాలు.

భాషాబోధన పరిశోధకుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు బడుల్లో నడిపిన ఇంగ్లిష్ బోధన ప్రయోగాన్ని ఎత్తిచూపేవారికి కూడా జవాబు చెప్పాలి. పిల్లల దృష్టి అర్థం మీద, చేయాల్సిన పని మీద ఉంటే వ్యాకరణం దానంతట అదే కుదురుకుంటుందని ఆయన ప్రతిపాదన. పని ముందు, సూత్రం తర్వాత అన్నంత వరకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అర్థం దగ్గర పిల్లవాడు ఇరుక్కున్నప్పుడు రెండు నిమిషాలు ఆగి వాడి భాషలో చెప్పడం ఆ పనికి అడ్డు కాదు. వాడికి తెలిసిన పని, వాడి ఇంటి పని ఇస్తే మరీ మంచిది.

అందుకే జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల ఇంగ్లిష్ టీచర్లకు ఒక విన్నపం. బడులు తెరిచిన మొదటి వారంలో పాఠ్యపుస్తకం తీయకముందే ప్రతి పిల్లనూ ఇంటి నుంచి ఇంగ్లిష్‌లో ఉన్న ఒక కాగితం తెమ్మనండి. పురుగుమందు డబ్బా మీది లేబుల్ కావచ్చు, అమ్మ పీఎఫ్ చిట్టీ కావచ్చు, నాయిన ఒప్పంద పత్రం జిరాక్స్ కావచ్చు. పేర్లూ నంబర్లూ కొట్టేసి అందులోంచి ఒక్క వాక్యం బోర్డు మీద రాయండి. దాని కిందే ఆ ఊరి తెలుగులో అదే వాక్యం పిల్లల చేత రాయించండి. ఏ మాట ఎటు జరిగిందో గీతలు గీసి చూపమనండి. ఆ వాక్యంలో ఇంటివాళ్లకు తెలియని చిన్న మాట ఏదో, సాయంత్రం ఇంటికి వెళ్లి ఆ పిల్లే చెప్పాలి.