చేప ప్రేవులోని ఎంజైము: రుజువైన దెంత?

క్షార ఫాస్ఫటేజు అనగానే ఎముకలు, కాలేయము, రక్తపరీక్షలు జ్ఞప్తికి వచ్చును. ప్రేవులలో దీని పని యేమో పాఠ్యగ్రంథములు తరచు ఒక వాక్యముతో దాటవేయును. ఈ లోటును తీర్చిన పరిశోధనలలో ఒకటి 2007లో అమెరికాలోని ఆరిగాన్ విశ్వవిద్యాలయము నుండి వెలువడినది. బేట్స్, గిల్లెమిన్ ప్రభృతులు ఇందుకు ఎన్నుకొన్న జీవి జీబ్రాచేప. గంగా పరీవాహక ప్రాంతపు వాగులలో తిరుగు చిన్న చారలచేపయే ఇది.

ప్రేవు లోపలి కణముల అంచున కుంచె వెంట్రుకలవలె సన్నని మొలకలుండును. వాని పొరకు అంటుకొనియుండు ఈ ఎంజైము, తనకు తగిలిన అణువులనుండి ఫాస్ఫేటును ఊడదీయును. ఇక కొన్ని బాక్టీరియాల వెలిపొరలో లైపోపాలీశాకరైడు అను పదార్థము కలదు. దాని విషగుణమునకు అందలి ఫాస్ఫేటులు ముఖ్యకారణము. మరి ఎంజైము ఈ విషమునకు కోరలు పీకుచున్నదా? ఇదీ ప్రశ్న.

సూక్ష్మజీవులు సోకకుండ పెంచిన చేపపిల్లలలో ఎంజైము చురుకుదనము తక్కువగా నుండెను. బాక్టీరియాలను చేర్చిన పిదప పెరిగెను. ఎంజైము తయారీని అడ్డగించినపుడు పిల్లలు ఆ విషమునకు సులభముగా లొంగినవి. ప్రేవులో తెల్లకణములు మితిమీరి చేరినవి. ఇంతటితో ఆగియున్నచో, సూక్ష్మజీవులతో పనిలేకుండ ఎంజైము లేమియే ప్రేవును చెరచినదని ఎవరైనను వాదింపవచ్చును. పరిశోధకులు ఆగలేదు. ఎంజైమును అడ్డగించి, సూక్ష్మజీవులు కూడ లేకుండ పెంచిన పిల్లలను చూచినారు. వానిలో తెల్లకణములు మితిమీరలేదు! ఈ పోలికయే ఆ వ్యాసమునకు ఆయువుపట్టు. నియంత్రణ ప్రయోగమన నేమో తరగతిలో చెప్పుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణ అరుదు.

అయినను ఆక్షేపణలు లేకపోలేదు. ఎంజైమును అడ్డగించుటకు వాడిన మార్ఫోలినో అను పదార్థపు ప్రభావము కొలది దినములే నిలుచును. కనుక ఫలితము లేబ్రాయపు పిల్లలకే చెల్లును. పెద్దచేప ఆరోగ్యమును గూర్చి ఏమియు చెప్పజాలదు. పైగా, క్షీరదములలో ఈ విషమును పసిగట్టు గ్రాహకమునకు సాటియైనవి జీబ్రాచేపలో ఉన్నను, అవి దానిని గుర్తింపవని 2009లో ప్రకటితమైనది. ఇది గట్టి దెబ్బయే. 2021లో ఆ గ్రాహకమునకు తోడు నిలుచు ప్రోటీను ఈ చేపలోను దొరకుటతో ఆక్షేపణ కొంత సడలినది.

చేపనుండి మనిషికి దూకుట మరియొక చిక్కు. 2010లో వెలువడిన ఒక అధ్యయనమున, పెద్దప్రేవు పుండ్లతో బాధపడు 21 మంది రోగులకు క్షార ఫాస్ఫటేజును 7 దినములు ఇచ్చినారు. వ్యాధి తీవ్రత తగ్గినది. కాని పోల్చి చూచుటకు మందు ఇయ్యని రోగుల జట్టు అందులో లేదు. ఆ ఉపశమనమున ఎంజైము వాటా ఎంతయో దానినిబట్టి తేల్చుటకు వీలులేదు.