పాత గుమ్మానికి కొత్త కొలువు

మండువా లోగిలిని నేలమట్టం చేయడానికి పొక్లెయిన్‌కు ఒక పూట చాలు. అదే ఇంటిని ఒడుపు తెలిసిన వడ్రంగులు విప్పితే రోజులు పడుతుంది. ఆ రోజులకు ఫలితం కళ్ళముందే కనిపిస్తుంది. ద్వారబంధాలు, దూలాలు, స్తంభాలు, ఊచల కిటికీలు, ఉయ్యాల బల్ల, అటక మీద మరుగున పడ్డ భోషాణం, అన్నీ ముక్క విరగకుండా బయటికొస్తాయి. పొక్లెయిన్ వెళ్ళాక మిగిలేది పొయ్యిలోకి పనికొచ్చే కట్టెలు. పాత వస్తువులను సేకరించి, బాగుచేసి, కొత్త వాడుకలోకి తెచ్చే చిన్న దుకాణాల పనితనం అంతా ఈ తేడాలోనే ఉంది. దాన్ని తుక్కు వ్యాపారం అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా గోదావరి వైపు నేను తరచూ వెళ్ళే మిత్రుడి దుకాణం ఒకటుంది. ముందు భాగం ఇరుకు. వెనక రేకుల షెడ్డు, అందులో వడ్రంగి మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్ళు. ఒకసారి కొత్తగా దిగిన రెండు రెక్కల తలుపు దగ్గర మేస్త్రి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో గునపం లేదు, మేకులు పీకే కత్తెర లేదు. చిన్న కొయ్య సుత్తి, సుద్దముక్క. ముందు ప్రతి అతుకు దగ్గరా అటూ ఇటూ ఒకే అంకె వేశాడు. తర్వాత కొయ్య చీలలు వెతికాడు. పాతకాలపు పనివాళ్ళు అతుకులను ఇనప మేకుతో కాకుండా కొయ్య చీలతో బిగించేవారు. ఆ చీల ఒక వైపు లావు, మరో వైపు సన్నం. సన్నంవైపు నుంచి కొడితే వచ్చేస్తుంది, లావువైపు నుంచి కొడితే మరింత బిగుసుకుని చట్రం చీలుతుంది. చేత్తో తడిమి సన్నంవైపు పట్టుకుని రెండు దెబ్బలు వేశాడు. చీల జారి అరచేతిలో పడింది.

“ఆయ్, దీన్ని విప్పాలండి, పీకకూడదండి” అన్నాడు. ఆ చీలను పారేయకుండా డబ్బాలో దాచాడు. మళ్ళీ బిగించేటప్పుడు అదే చీల, అదే రంధ్రం.

అలాంటి చేతులకు దండం పెట్టాలి.

ఇక కలప సంగతి. మా వైపు పాత ఇళ్ళకు వాడిన టేకంతా బర్మాలోని రంగం నుంచి ఓడల మీద కాకినాడ రేవులో దిగిందని పెద్దలు చెప్పుకుంటారు. మన్యంలో కొట్టి తెప్పలు కట్టి గోదావరిలో వదిలినది కూడా బోలెడు ఉంటుంది. ఎక్కడిదైతేనేం, ముదురు చెట్టు చేవ అది. చేవలోని సహజమైన నూనెలే చెదను దరిచేరనివ్వవు. దశాబ్దాలపాటు ఎండకు ఆరి, వానకు తడిసి, సాగాల్సినంత సాగి, ముడుచుకోవాల్సినంత ముడుచుకుని నిలకడకు వచ్చిన చెక్క అది. తొందరగా పెంచి కొట్టిన ఇవాళ్టి టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ, పురుగు ముందు దాన్నే పడుతుంది.

పాత తలుపును గుర్తుపట్టడం ఎలాగో ఆ షెడ్డులోనే చూశాను. ముందువైపు ఎవరైనా నునుపు చేస్తారు, వెనక్కి తిప్పి చూడాలి. బాడిసతో చెక్కిన దెబ్బలు అక్కడ హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. యంత్రం కోసిన చెక్క మీద రంపపు గీతలు ఒకే దూరంలో ఉంటాయి. ఇనప మేకు దిగిన చోట టేకు నల్లబడుతుంది, ఆ నలుపు లోపలిదాకా ఉంటుంది, పైన పూసింది కాదు. గడపకైతే ఇంకో సాక్ష్యం ఉంది. ఏళ్ళ తరబడి రాసిన పసుపు చెక్క నారల్లోకి దిగిపోయి ఉంటుంది. మేస్త్రి ఆ గడప మీద చిత్రిక పట్టడు. తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటాడు.

రంగు తీయడంలో నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. తలుపును కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి తీసేవాళ్ళు పనివాళ్ళు కారు. రంగు పోతుంది నిజమే, దాంతోపాటు అతుకులు వదులవుతాయి, నారలు లేస్తాయి, టేకు నల్లబడుతుంది. చేత్తో గీరి తీయడం వేరు. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, అడుగున ఎర్రటి పూత, ఒక్కో పొర వదులుతుంటే ఆ ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు లెక్కపెట్టవచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గరుకు కాగితం రుద్దకూడదు, తడిపి గీరాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. పగులు కనిపించగానే లప్పం నింపడం కూడా చేతగాని పనే. మేస్త్రి అదే వయసు చెక్క నుంచి సన్నని చీలిక తీసి, నార వాలు చూసి పొదుగుతాడు. ఆఖరున చపడా పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పలచగా, మళ్ళీ మళ్ళీ అద్దాలి. కుంచెతో ఒక్కసారి మందంగా పూసిన వార్నిష్‌కు ఆ లోతు రాదు.

బాగుచేయడం సగం పని, దేన్ని దేనికి వాడాలో తెలియడం మిగతా సగం. చెక్కుడు తలుపు భోజనాల బల్ల అవుతుంది, పైన అద్దం పరిస్తే చాలు, చెక్కడం మీద ఉలి పడక్కర్లేదు. ద్వారబంధం నిలువుటద్దానికి చట్రమవుతుంది. పుచ్చిన కొసలు కోసేసిన దూలం వీధి అరుగు మీద బెంచీ అవుతుంది. జాడీ దీపపు స్తంభం కావచ్చు, కానీ అడుగున రంధ్రం పెట్టకూడదు, తీగను పైనుంచి తేవాలి. రేపెవరైనా దానిలో మళ్ళీ ఆవకాయ పెట్టుకోవాలంటే వీలుండాలి. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పూయించి వంటకే ఇవ్వాలి, పూలకుండీ చేయకూడదు. పనిచేస్తున్న కుట్టుమిషన్‌ను విరిచి, పోత ఇనుము కాళ్ళ మీద రాయి పలక పెట్టి కాఫీ బల్లగా అమ్మేవాళ్ళను నేను క్షమించలేను. చెడిపోయిన మిషన్లు ఎన్ని లేవు?

ఈ విద్యకు మహానుభావులున్నారు. మణిపాల్‌లో విజయనాథ్ షెణై బ్యాంకు ఉద్యోగి. కూల్చేస్తున్న పాత ఇళ్ళ స్తంభాలు, తలుపులు సేకరించి వాటితోనే ‘హస్తశిల్ప’ అనే తన ఇల్లు కట్టుకున్నాడు. అది చాలక ఇళ్ళకు ఇళ్ళే విప్పించి తెచ్చి మళ్ళీ నిలబెట్టి హెరిటేజ్ విలేజ్ చేశాడు. 2017లో పోయాడు, ఇళ్ళు నిలిచాయి. తిరువనంతపురంలో లారీ బేకర్ తన ఇంటికే పాత కలప, సీసాలు, పగిలిన పెంకులు వాడి చూపించాడు. చండీగఢ్‌లో నేక్‌చంద్ రోడ్ల శాఖ ఉద్యోగం చేస్తూ విరిగిన గాజులతో, పింగాణీ ముక్కలతో రాక్ గార్డెన్ కట్టాడు. 1976లో ప్రజలకు తెరిచారు. మద్రాసు దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల ఇళ్ళను విప్పి తెచ్చి నిలిపారు, మన తెలుగు ఇళ్ళు కూడా ఉన్నాయి. తెలుగువాళ్ళు వెళ్ళి చూడాల్సిన చోటు.

కారైకుడిలో మునీశ్వరన్ కోవెల వీధి పొడవునా పాత సామాను దుకాణాలే. చెట్టియార్ల మేడల్లోంచి వచ్చిన టేకు స్తంభాలు, పింగాణీ పూత గిన్నెలు అక్కడ గుట్టలు. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారం సాగే జుమ్మేరాత్ బజార్‌లో ఓపికుంటే మంచి ఇత్తడి తాళం దొరుకుతుంది. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. నిలబడగల ఇంటిని స్తంభాల కోసం విప్పించేవాడు వ్యాపారి కాడు, ఇల్లు దోచేవాడు. కూలడం ఖాయమైన ఇంటి నుంచి కాపాడి తేవడమే ఈ వృత్తికి పరువు. దేవుడి విగ్రహాలు అమ్మజూపేవాళ్ళను నా మిత్రుడైన దుకాణదారు గుమ్మం తొక్కనివ్వడు. నూరేళ్ళు దాటిన కళాఖండాలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. విగ్రహం ఏ గుడిదో అన్న అనుమానం ఒక్కటి చాలు ఆయనకు, పంపించేస్తాడు.

ఇప్పుడు అసలు పీడ నకిలీలది. కొత్త మామిడి చెక్కను గొలుసులతో కొట్టి, యాసిడ్ పూసి, టీ డికాషన్ అద్ది ‘యాంటిక్’ అంటున్నారు. పురుగు తిన్నట్టు బరమాతో చిల్లులు పెడుతున్నారు. నిజమైన పురుగు దారి వంకరగా పోతుంది, బరమా చిల్లి తిన్నగా దిగుతుంది, సూది గుచ్చి చూడండి. గ్రామఫోన్ల సంగతి మరీ ఘోరం. తళతళలాడే ఇత్తడి బూర, కొత్త పెట్టె, ఎక్కడిదో అరిగిన యంత్రం, పైన కుక్క బొమ్మ స్టిక్కర్. పాట మొదలైన కాసేపటికే గుర్రుమంటుంది. అది కొని మోసపోయినవాడు మళ్ళీ నిజమైన దుకాణం మెట్టెక్కడు. మేస్త్రి వారం పాటు గీరిన తలుపు, రెండు రోజుల్లో యాసిడ్ కొట్టిన తలుపు ఒకే ధర పలికితే మేస్త్రి కొడుకు ఉలి పట్టుకుంటాడా? ఆ షెడ్డులో కుర్రాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం నేను విన్నాను. ఏసీ మెకానిక్ పని నేర్చుకుందామంటున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. కానీ వాళ్ళు వెళ్ళిపోతే చీల సన్నంవైపు ఏదో చెప్పేవాడు మా వైపు ఉండడు.

అందుకే చదివేవాళ్ళకు నా విన్నపం. మీ ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టాలని నిర్ణయమైపోతే, పొక్లెయిన్‌కు కబురు పెట్టకముందే పాత కలప తెలిసిన వడ్రంగిని పిలిచి చూపించండి. విప్పే కూలి మీరు పెట్టుకున్నా నష్టం రాదు, కట్టెల ధరకు పోయేది కలప ధరకు పోతుంది. కొనేవాళ్ళయితే వస్తువు ఏ ఊరి నుంచి వచ్చింది, ఎంత భాగం పాతది, ఎక్కడ కొత్త చెక్క వేశారు, ఇవి బిల్లు మీద రాసిమ్మని అడగండి. నా మిత్రుడు అడక్కుండానే రాసిస్తాడు. రాయనన్నవాడి దగ్గర కొనకండి.