ఒనేసిము ఏమన్నాడు?

పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక 25 వచనాలు. రాసింది బానిస ఒనేసిము కోసమే. అయినా గ్రీకు మూలంలో అతని పేరు ఒక్కసారే వస్తుంది, అతని మాట ఒక్కటీ లేదు. దాసుడిగా కాదు, సహోదరుడిగా చేర్చుకోమన్నాడు పౌలు. అది చిన్న మాటేం కాదు. అతని అప్పు నేను తీరుస్తానంటూనే, నీ బతుకే నాకు బాకీ అని యజమానికి గుర్తుచేస్తాడు. డిస్కోర్స్ విశ్లేషణ ఈ ఒప్పించే నేర్పును బాగానే విప్పి చూపుతుంది. కానీ అక్కడే ఆగితే చాలదంటాం. ఆ ఇద్దరి మధ్య నోరులేకుండా నిలబడ్డదెవరు?

మా వాడల మీద రాసే అభివృద్ధి నివేదికలూ అంతే. దాత అడుగుతాడు, సంస్థ జవాబిస్తుంది. మాలమాదిగలం మాత్రం 'లబ్ధిదారులం'. మా కోసం రాసింది చాలు. ఇక మేం చెప్తాం, రాసుకోండి.