పెద్దప్రేగు క్యాన్సరులో ఒక నాడీజన్యువు: ఆనవాలా, కారణమా?

పెద్దప్రేగు గోడలో దాని కదలికలను నడిపించు నాడీకణముల వల ఒకటి కలదు. మెదడు ఆజ్ఞకై కాచుకొనకయే ఇది చాలవరకు తన పనిని తాను చేసికొనగలదు. ఈ నాడీకణములలోను, మెదడులోను, గుండెలోను పనిచేయు జన్యువులలో ఎన్.డి.ఆర్.జి.-4 ఒకటి. నాడులకు చెందిన ఈ జన్యువు పెద్దప్రేగు క్యాన్సరు పరీక్షలోనికి ఎట్లు వచ్చినది, దానినిగూర్చి జరిగిన తర్కము ఎంతవరకు నిలుచును అనునవి పరిశీలింపదగిన విషయములు.

2009లో నెదర్లాండ్సుకు చెందిన మెలోట్, ఆమె సహచరులు ఒక పరిశోధనమును ప్రకటించిరి. క్యాన్సరు కణములలో ఈ జన్యువు ఆరంభభాగమునకు మిథైల్ సమూహములు అంటుకొని యుండుటను వారు గమనించిరి. అట్లు అంటుకొన్న జన్యువు సామాన్యముగా మూతపడును. రోగి మలములోనికి రాలిన కణముల డి.ఎన్.ఏ.లో కూడ ఈ గుర్తును పట్టవచ్చునని చూపిరి. ఇంతవరకు పని గట్టిది. కాని వారు మరియొక అడుగు వేసి, ఇది కణితిని అణచు జన్యువు కావచ్చుననిరి. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సరు కణములలో ఈ జన్యువును అధికముగా పనిచేయించగా వాని పెరుగుదల తగ్గుటయే అందుకు ఆధారము.

ఇక్కడనే చిక్కున్నది. తరువాత ప్రేగు కణజాలమును జాగ్రత్తగా పరీక్షించి చూడగా, ఈ జన్యువు తయారుచేయు ప్రోటీను నాడీకణములలో కనబడినదే గాని, క్యాన్సరు పుట్టు లోపలి పొర కణములలో కనబడలేదు. ఆరోగ్యముగా నున్నప్పుడే అక్కడ పనిచేయని జన్యువు మూతపడుటవలన క్యాన్సరు వచ్చినదనుట, వెలిగించని దీపము ఆరిపోవుటచే ఇల్లు చీకటియైనదనుట వంటిది. ఏ కణములోనైనను దానికి అలవాటులేని ప్రోటీనును కుప్పగా పోసినచో పెరుగుదల కుంటుపడవచ్చును. అది ఆ జన్యువు సహజధర్మమునకు సాక్ష్యము కాజాలదు.

అయినను ఆనవాలుగా దాని విలువ పోలేదు. కొల్లేటిలో కొంగలు మూగినచోట చేపలున్నవని జాలరి గ్రహించును. కొంగ చేపను పుట్టించినదని అనుకొనడు. 2014లో అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ అనుమతించిన ‘కోలోగార్డ్’ అను మలపరీక్షలో ఇతర గుర్తులతో పాటు ఇదియు చేరినది. ఆ పరీక్షను 9,989 మందిపై పరిశీలించిరి. క్యాన్సరున్న 65 మందిలో 60 మందిని అది పట్టినది. మలములోని రక్తమును మాత్రమే వెదకు సులభమైన పరీక్ష పట్టినది 48 మందిని.

ఈ అంకెను మాత్రమే చెప్పి ఊరకొనుట న్యాయము కాదు. క్యాన్సరుగాని, ముదిరిన బుడిపెలుగాని లేనివారిలో నూటికి 13 మందికి పైగా ఆ పరీక్ష అనుమానము కలిగించినది. రక్తపరీక్షలో అట్టివారు సుమారు 5 గురే. మొత్తము అనుమానితులు రమారమి 1,600 మంది. వారిలో క్యాన్సరున్నవారు 60 మంది. ముదిరిన బుడిపెలున్నవారు 320 మందికి పైగా.

భారతదేశములో ఈ వ్యాధి అమెరికాలోకంటె చాల తక్కువ. తణుకు ప్రాంతములో 10,000 మందిని ఇట్లు పరీక్షించిరనియు, వారిలో 20 మందికే క్యాన్సరున్నదనియు ఊహింపుడు. పరీక్ష 18 మందిని పట్టును. దానితో పాటు క్యాన్సరు లేని 1,300 మందికి పైగా భయపెట్టును. వారందరికి గొట్టముతో ప్రేగు లోపల చూచు పరీక్ష చేయవలసివచ్చును. దాని ఖర్చు, ఏలూరికో రాజమహేంద్రవరమునకో తిరుగుట, అంతవరకు ఇంటిల్లిపాదికి నిద్రలేకుండుట వేరు. ఇది ఉన్నతపాఠశాలలోని శాతముల లెక్కతో తేలు సంగతి. అయినను పరీక్షలను పొగడు వ్రాతలలో ఈ లెక్క అరుదు.

2021లో మెలోట్ బృందమువారే కథను మరియొక మలుపు త్రిప్పిరి. ఈ జన్యువు లేని ఎలుకలలో ప్రేగు కణితులు పెద్దవైనవి. నాడీకణములు అధికముగా విడుదలచేసిన రెండు ప్రోటీనులు కణితి పెరుగుదలకు తోడ్పడినవని వారు చూపిరి. కావున కణితిని అణచుననుమాట పూర్తిగా తప్పుకాదు; అణచునది పొరకణములో కాదు, పొరుగున నున్న నాడీకణములో. తమ పూర్వవాదమును తామే సరిదిద్దుకొనిన వీరి పద్ధతి మెచ్చదగినది. అయితే ఎలుకలో తేలినది మనుష్యునిలో తేలవలసియున్నది.

2024లో అనుమతి పొందిన ఆ పరీక్ష కొత్తరూపములో ఎన్.డి.ఆర్.జి.-4కు చోటు లేదు. కొత్తగా చేర్చిన గుర్తులలో ఎల్.ఆర్.ఆర్.సి.-4 అనునది కూడ మెదడులో విశేషముగా పనిచేయు జన్యువే. అది క్యాన్సరును ఎట్లు అణచునని అడుగుటకు ముందు, ప్రేగు లోపలి పొరలో అది అసలు పనిచేయుచున్నదా అని అడుగవలసియుండును.